ఆందోళనకు ఒక మాత్ర, నరాల నొప్పికి ఒక మాత్ర: 68 ఏళ్ళ లెక్కల టీచరు కేసు

ఆమెను వీల్‌చైర్‌లో తీసుకొచ్చారు. వయసు 68. లెక్కల టీచరుగా చాలా ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. పిలిస్తే కళ్ళు తెరిచి రెండు మాటలు చెప్పి మళ్ళీ మూసుకుంటున్నారు. నుదుటి మీద కమిలిన దెబ్బ.

"డాక్టరుగారూ, అమ్మకు మతిమరుపు జబ్బు మొదలైనట్టుందండీ," అంది కూతురు. "మాట ముద్దగా వస్తోంది. రాత్రి లేపితే ఎక్కడున్నానో తెలియడం లేదంటోంది. పది రోజుల్లో రెండుసార్లు పడిపోయింది."

రెండోసారి పడ్డప్పుడే తలకు సీటీ స్కాన్ తీయించారు. రక్తస్రావం లేదు, పక్షవాతం ఆనవాళ్ళు లేవు. ఇక మిగిలింది మతిమరుపు జబ్బేనని ఇంట్లోవాళ్ళు దాదాపు ఖాయం చేసుకున్నారు. నేను జనరల్ ఫిజీషియన్‌ని. ఇలాంటి కేసులు నా దగ్గరికి చాలాసార్లు ఇదే మాటతో వస్తాయి: "వయసు మీద పడింది కదా." ఈ కేసు వివరంగా రాయడానికి కారణం, ఆమెకు కొత్తగా వచ్చిన జబ్బంటూ ఏదీ లేకపోవడం. మాట ముద్దవడం, తూలడం, వాపు, అయోమయం, అన్నీ మాత్రల నుంచే వచ్చాయి. ఆమె, ఆమె కూతురు ఇద్దరూ ఒప్పుకున్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను.

సంచిలో ఉన్నవి

ఏ మందులు వాడుతున్నారని అడిగితే కూతురు చీటీలు చూపించబోయింది. చీటీలు తర్వాత చూద్దాం, ఇంట్లో ఉన్న మందులన్నీ ఉన్నవి ఉన్నట్టు తెమ్మన్నాను. సాయంత్రానికి ఒక గుడ్డ సంచి వచ్చింది. దాన్ని బల్ల మీద కుమ్మరించి ఒక్కో స్ట్రిప్‌నూ వెనక్కి తిప్పి, పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు వదిలేసి, కింద సన్నటి అక్షరాల్లో ఉన్న మందు పేరు చదువుతూ కాగితం మీద రాసుకున్నాం.

ఎస్సిటలోప్రామ్ 10 మిల్లీగ్రాములు, మూడేళ్ళుగా. ఆమెకు మొదటి నుంచీ టెన్షన్ పడే స్వభావం. చిన్న విషయానికే గుండె దడ, రాత్రంతా ఆలోచనలు. మానసిక వైద్యుడు రాసిన ఈ మందుతో ఆమె బాగానే ఉన్నారు. క్లోనజెపామ్ 0.5, రాత్రికి ఒకటి, నాలుగు నెలలుగా. నిద్ర కోసం "కొద్ది రోజులు" అని మొదలైంది, ఆపమని ఎవరూ చెప్పలేదు. ప్రీగాబలిన్ 150, నరాల నొప్పికి, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. నరాల నొప్పి ఇంకా తగ్గలేదని ఐదు వారాల కిందట మరొకరు రాసిన రాత్రి మాత్ర ఒకటి. అది ఒకే బిళ్ళలో రెండు మందులు: ప్రీగాబలిన్ 75, నార్‌ట్రిప్టిలిన్ 10. హైడ్రోక్లోరోథయజైడ్ 25, మూడు వారాలుగా, కాళ్ళ వాపుకు. వీటితో పాటు విటమిన్ బి12, పారాసెటమాల్. సంచి అడుగున సగం వాడిన జలుబు మాత్రల స్ట్రిప్. అందులో క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. నాలుగు రోజులుగా వేసుకుంటున్నారట. అది మందుల కిందికి వస్తుందని వాళ్ళకు తోచలేదు.

కాగితం మీద కూడి చూస్తే ప్రీగాబలిన్ రోజుకు 375 మిల్లీగ్రాములు. ఆ కుటుంబంలో గానీ, రాసిన వైద్యుల్లో గానీ ఆ అంకె తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. రెండు స్ట్రిప్‌ల పేర్లు వేరు, రంగులు వేరు. మందు ఒకటే.

మగత తెప్పించే గుణం ఉన్నవి విడిగా లెక్కపెడితే నాలుగు: ప్రీగాబలిన్, క్లోనజెపామ్, నార్‌ట్రిప్టిలిన్, క్లోర్‌ఫెనిరమిన్. నాలుగూ రాత్రి పడుకోబోయే ముందు ఒకే గ్లాసు నీళ్ళతో వేసుకునేవారు. ఆమె పడిపోయిన రెండుసార్లూ తెల్లవారుజామున బాత్రూమ్‌కు లేచినప్పుడే.

ఇంతవరకూ ఎలా వచ్చింది

కథ సర్పితో మొదలైంది. చాలామంది అక్కి అని కూడా అంటారు. చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చి పోయాక ఆ వైరస్ నరాల మొదళ్ళలో నిద్రపోతూ ఉంటుంది. వయసు పెరిగాకో, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో లేచి ఒక నరం దారి వెంట పొక్కులుగా బయటపడుతుంది. ఈమెకు ఎడమ పక్కటెముకల మీదుగా వీపు నుంచి ముందుకు పట్టీ వేసినట్టు వచ్చింది. పొక్కులు మూడు వారాల్లో మానిపోయాయి. మంట మాత్రం పోలేదు. పొక్కులు వచ్చాక మూడు నెలలు దాటినా నొప్పి అలాగే ఉంటే దాన్ని సర్పి తర్వాతి నరాల నొప్పిగా గుర్తిస్తాం. బట్ట తగిలినా నిప్పు పెట్టినట్టు ఉండేదట. ఫ్యాన్ గాలి తగలకుండా గోడ వైపు తిరిగి పడుకునేవారు.

నొప్పి వల్ల నిద్ర కరువైంది. నిద్ర లేక ఆందోళన పెరిగింది. ఆందోళన పెరిగిన కొద్దీ నొప్పి ఇంకా ఎక్కువగా తెలిసింది. నరాల నొప్పి, ఆందోళన ఇలా ఒకదాన్నొకటి ఎగదోసుకోవడం చాలా మామూలు. అందుకే ఈ రెండు రకాల మందులు ఒకే మనిషి చేతిలో పడటం అంత తరచుగా జరుగుతుంది. క్లోనజెపామ్ వచ్చింది, వెంటనే ప్రీగాబలిన్ వచ్చింది. వారంలోనే 75 రెండుసార్లు నుంచి 150 రెండుసార్లకు పెరిగింది. నొప్పి తగ్గింది కూడా. పదికి ఎనిమిది ఉన్నది ఐదుకు దిగింది.

రెండు నెలల కిందట చీలమండల దగ్గర వాపు మొదలైంది. సాయంత్రానికి చెప్పులు పట్టేవి కావు. బరువు మూడు కిలోలు పెరిగారు. ప్రీగాబలిన్ వల్ల కాళ్ళ వాపు, బరువు పెరగడం బాగా తెలిసిన దుష్ఫలితాలే. కానీ ఆ రోజు ఆమెను చూసిన వైద్యుడి ముందు ఉన్నది వాపు, కొంచెం ఎక్కువగా ఉన్న బీపీ. నీరు లాగే మాత్ర రాశారు. మందు తెచ్చిన వాపును కొత్త జబ్బు అనుకుని దానికి ఇంకో మందు రాయడమే ఇక్కడ మలుపు. ఆ మాత్ర రెండు పనులు చేసింది. ఒంట్లో సోడియం తగ్గించింది. ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు కూడా సోడియం తగ్గించగలవు కాబట్టి రెండూ తోడయ్యాయి. రెండోది, కిడ్నీలకు చేరే రక్తం తగ్గి, అవి బయటికి పంపాల్సిన క్రియాటినిన్ అనే వ్యర్థం రక్తంలో పెరిగింది. కిడ్నీలు మందగిస్తే ప్రీగాబలిన్ ఒంట్లోంచి త్వరగా బయటికి పోదు. అంటే వాపు తెచ్చిన మందును ఒంట్లో ఇంకా పోగుపడేలా చేసింది వాపుకు ఇచ్చిన మందే.

పరీక్షలో కనిపించినవి

చేతులు చాచి అరచేతులు పైకెత్తి పట్టుకోమన్నాను. నాలుగైదు సెకన్లకోసారి మణికట్లు ఒక్కసారిగా జారి కిందికి వాలి, మళ్ళీ లేస్తున్నాయి. మధ్యమధ్య భుజం ఉలిక్కిపడ్డట్టు కదులుతోంది. చేతికి గ్లాసు ఇస్తే సగం నీళ్ళు ఒళ్ళో పడ్డాయి. కళ్ళు పక్కకు తిప్పితే కనుపాపలు గిలగిల కొట్టుకుంటున్నాయి. లేచి నిలబడితే పాదాలు ఎడంగా పెట్టుకుని తూలుతున్నారు. నోరు ఎండిపోయి ఉంది, ఐదు రోజులుగా విరేచనం లేదు. మూత్రానికి వెళ్ళొచ్చాక కూడా మూత్రాశయంలో 180 మిల్లీలీటర్లు మిగిలి ఉంది. అది నార్‌ట్రిప్టిలిన్, జలుబు మాత్ర కలిసి చేసిన పని.

ఎస్సిటలోప్రామ్ లాంటి మందులు మెదడులో పెంచే సెరటోనిన్ అనే రసాయనం ఎక్కువై విషమించిందేమోనని చూశాను. మడమ దగ్గర పాదాన్ని ఒక్కసారి పైకి నెడితే టకటకా కొట్టుకోవాలి, మోకాలి రిఫ్లెక్స్ ఎగిరిపడాలి, జ్వరం, చెమటలు ఉండాలి. అవేవీ లేవు. ఈసీజీలో క్యూటీసీ, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ సిద్ధమవడానికి పట్టే సమయం, 462 మిల్లీసెకన్లు, ఆడవాళ్ళకు గీత మీద ఉన్నట్టు. ఎస్సిటలోప్రామ్, నార్‌ట్రిప్టిలిన్ రెండూ దాన్ని పెంచేవే.

రక్తంలో సోడియం 124. ఉండాల్సింది 135 నుంచి 145. క్రియాటినిన్ 1.4. నాలుగు నెలల కిందటి రిపోర్టులో క్రియాటినిన్ 1.0, సోడియం 138.

రాత్రి నిద్రలో నిమిషానికి పది శ్వాసలు. ఆక్సిజన్ 89, 90 దగ్గర ఆడుతోంది. లేపితే 96. నన్ను అన్నింటికంటే కలవరపెట్టింది నిద్రలోని ఆ అంకెలే. ఇంట్లో ఎన్ని రాత్రులు ఇలా గడిచాయో, ఆ గదిలో ఒంటరిగా పడుకునే ఆమెను ఎవరు చూశారో! 2019 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రీగాబలిన్, దాని జాతికే చెందిన గాబాపెంటిన్ రెండింటి మీదా ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది. ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, మెదడును మందగింపజేసే మందులు వేసుకుంటున్నవాళ్ళలో ఇవి శ్వాసను ప్రమాదకరంగా నెమ్మదింపజేయవచ్చని. ఈమెలో ఆ మూడింట్లో రెండు ఉన్నాయి.

నార్మల్ అని రాసి ఉన్న 1.0

ఈ కేసులో నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ప్రీగాబలిన్ మొదలుపెట్టిన రోజున ఆమె క్రియాటినిన్ 1.0. రిపోర్టులో నార్మల్ అని ఉంది. కానీ డోసు నిర్ణయించాల్సింది కిడ్నీలు నిమిషానికి ఎంత రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయన్న అంకె. దానికి 1976 నుంచి వాడుతున్న కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం ఉంది. 140 లోంచి వయసు తీసేసి, వచ్చినదాన్ని బరువుతో గుణించి, 72 తోనూ క్రియాటినిన్‌తోనూ భాగించాలి. ఆడవాళ్ళకైతే 0.85 తో గుణించాలి. ఆమె వయసు 68, వాపు రాకముందు బరువు 54 కిలోలు. లెక్క వేస్తే 46 వచ్చింది. చిన్న శరీరం, వయసుతో తగ్గిన కండ. క్రియాటినిన్ కండ నుంచే తయారవుతుంది కాబట్టి కండ తక్కువ ఉన్నవాళ్ళలో కిడ్నీ పని సగానికి పడిపోయినా రిపోర్టు అంకె మామూలుగానే కనిపిస్తుంది.

ప్రీగాబలిన్‌ను లివర్ దాదాపు ముట్టుకోదు. వేసుకున్నది వేసుకున్నట్టే మూత్రంలో పోతుంది. అందుకే కిడ్నీ పని 60 పైన ఉంటే రోజుకు 600 వరకు ఇవ్వవచ్చు గానీ 30 నుంచి 60 మధ్య ఉంటే గరిష్ఠం 300. ఆమెకు మొదటి నెలలోనే ఆ గరిష్ఠం అందింది. రెండో మాత్రతో అది దాటింది. మా దగ్గరికి వచ్చేనాటికి క్రియాటినిన్ 1.4, లెక్క ప్రకారం 33. ఇంకో మూడు అంకెలు దిగితే గరిష్ఠం 150 అయ్యేది. ఆమె వేసుకుంటున్నది 375.

ఇక క్లోనజెపామ్. మెదడును శాంతపరిచే రసాయనం పేరు "గాబా". ఆ మాట పేర్లలో ఉండటం వల్ల గాబాపెంటిన్, ప్రీగాబలిన్ కూడా నిద్రమాత్రల జాతివేనని చాలామంది అనుకుంటారు. కాదు. ప్రీగాబలిన్ నరాల చివర్లలో కాల్షియం లోపలికి వెళ్ళే దారుల మీద ఒక భాగానికి అతుక్కుని, నొప్పి సంకేతం మోసే రసాయనాల విడుదలను తగ్గిస్తుంది. క్లోనజెపామ్ గాబా అతుక్కునే చోటు (గాబా రిసెప్టర్) మీద పనిచేసి మెదడును నెమ్మదింపజేస్తుంది. దారులు వేరు, చేరే చోటు ఒకటే. రక్తంలో ఒకదాని స్థాయిని ఇంకొకటి మార్చదు, లివర్ ఎంజైముల దగ్గర గొడవ లేదు. కాబట్టి "ఈ రెండు మందులకూ పడదు" అని రక్తపరీక్ష ఏదీ చెప్పదు. మగత మాత్రం మగతకు తోడవుతుంది, తూలు తూలుకు తోడవుతుంది. క్లోనజెపామ్ రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్నది పోకముందే మర్నాటి రాత్రి మాత్ర దాని మీద పడుతుంది.

ఇంకో మాట. ఐరోపాలో ప్రీగాబలిన్‌కు 2006 నుంచే ఆందోళన జబ్బుకు కూడా అనుమతి ఉంది. అంటే నరాల నొప్పికని వేసుకున్న మాత్ర ఆమె ఆందోళన మీద కూడా అప్పటికే పనిచేస్తూ ఉండాలి. ఆ విషయం ఎవరైనా గుర్తుచేసుకుని ఉంటే ప్రీగాబలిన్ కుదురుకున్న రెండు మూడు వారాలకే క్లోనజెపామ్ తగ్గించడం మొదలయ్యేది.

ఏది ఆపాం, ఏది ఆపలేదు

సంచి చూసిన కూతురు ఆ రాత్రే అడిగింది: "అన్నీ ఒకేసారి ఆపేయండి డాక్టరుగారూ, అమ్మను ఇలా చూడలేకపోతున్నాను." ఆమె భయం న్యాయమైనదే. కానీ ఈ మందుల్లో కొన్నింటిని ఒక్కసారిగా ఆపడం వేసుకోవడం కంటే ప్రమాదం. నెలల తరబడి వేసుకున్న క్లోనజెపామ్‌ను హఠాత్తుగా ఆపితే వణుకు, నిద్రలేమి, విపరీతమైన ఆందోళన, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ప్రీగాబలిన్‌ను కనీసం ఒక వారం మీద దించాలి. క్లోనజెపామ్ ప్రభావాన్ని విరిచే ఫ్లుమజెనిల్ ఇంజెక్షన్ ఉంది గానీ రోజూ ఆ మందు వాడేవాళ్ళకు ఇస్తే అది కూడా ఫిట్స్ తెప్పించగలదు. పిలిస్తే పలుకుతున్న మనిషికి ఆ సాహసం అనవసరం.

వెంటనే ఆపినవి మూడు: నీరు లాగే మాత్ర, జలుబు మాత్ర, రెండు మందుల రాత్రి బిళ్ళ. నార్‌ట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు చిన్న డోసు, దించాల్సిన పని లేదు. ప్రీగాబలిన్ ఆ రాత్రి డోసు వదిలేసి మర్నాటి నుంచి 75 రెండుసార్లు ఇచ్చాం. కిడ్నీలు నెమ్మదిగా ఉన్నాయి కాబట్టి రక్తంలో అది మెల్లగానే దిగుతుంది. క్లోనజెపామ్ కూడా ఆ ఒక్క రాత్రి ఇవ్వలేదు. ఒంట్లో ఉన్నదే చాలినంత ఉంది. రెండో రాత్రి నుంచి మామూలు డోసు ఇచ్చి, తగ్గించడం తర్వాత చూద్దామనుకున్నాం.

సోడియం విషయంలో తొందర పనికిరాదు. వారాల మీద తగ్గిన సోడియంను ఒక్కరోజులో పైకి లాగితే మెదడు కాండంలో నరాల తొడుగులు దెబ్బతిని కోలుకోలేని నష్టం జరగవచ్చు. పెరుగుదల 24 గంటల్లో 8 దాటకూడదని పెట్టుకున్నాం. నీరు లాగే మాత్ర ఆపగానే కిడ్నీలు ఒక్కసారిగా నీటిని వదిలి సోడియం అదంతట అదే వేగంగా ఎగబాకే ప్రమాదం ఉంది. అందుకని ఆరు గంటలకోసారి రక్తం తీయించాం. మర్నాటికి 129, నాలుగో రోజుకు 133.

ఎస్సిటలోప్రామ్ గురించి మా జట్టులో అభిప్రాయభేదం వచ్చింది. సోడియం 124 ఉన్నప్పుడు దాన్ని కూడా ఆపాలన్నది మా జూనియర్ డాక్టరు వాదన, అందులో తర్కం ఉంది. నేను కొనసాగించాను. మూడేళ్ళుగా వేసుకుంటున్నారు, నాలుగు నెలల కిందట సోడియం 138 ఉంది, కొత్తగా చేరింది నీరు లాగే థయజైడ్ మాత్ర. పైగా ఆందోళనకు ఉన్న ఒక్క ఆసరాను తీసేసి, అదే సమయంలో క్లోనజెపామ్ కూడా తగ్గించబోతే ఆమె ఏం పట్టుకుని నిలబడాలి? మొదటి రెండు రోజుల్లో సోడియం కదలకపోతే ఆపేద్దామని ముందే మాట అనుకున్నాం. ఆ అవసరం రాలేదు.

మూడో రోజు పొద్దున రౌండ్స్‌లో ఆమె మంచం మీద కూర్చుని ఉన్నారు. మాట స్పష్టంగా ఉంది. "నేను ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నానండీ?" అని అడిగారు. కూతురు కన్నీళ్ళు పెట్టుకుంది.

నొప్పిని వదిలేయలేం

మందు తగ్గించగానే మంట తిరిగి వచ్చింది. పదికి ఆరు. నొప్పిని పట్టించుకోకపోతే ఆమె మళ్ళీ పాత మాత్రల దగ్గరికే పోతారు. చర్మం మీద అతికించే లిడోకెయిన్ 5 శాతం ప్యాచ్‌లు మొదలుపెట్టాం. రోజులో 12 గంటలు ఉంచి, 12 గంటలు తీసేయాలి. మానిన చర్మం మీదే వేయాలి. రక్తంలోకి చేరేది చాలా తక్కువ కాబట్టి మగత బెడద ఉండదు. ఆమె రాత్రిపూట వేసుకోవడం ఎంచుకున్నారు, బట్ట తగిలి మెలకువ వచ్చేది అప్పుడే కాబట్టి.

డులోక్సెటిన్ గురించి చాలాసేపు ఆలోచించాను. ఆందోళనకూ, షుగరు వల్ల వచ్చే నరాల నొప్పికీ రెండింటికీ అనుమతి ఉన్న మందు అది. ఎస్సిటలోప్రామ్ నుంచి దానికి మారిస్తే ఒకే మందుతో రెండు పనులు జరగొచ్చు. కిడ్నీలు బాగున్న నలభై ఏళ్ళ మనిషైతే నేను అదే చేసేవాణ్ణి. ఈమెకు కిడ్నీ పని 33. అది 30 కంటే దిగితే డులోక్సెటిన్ ఇవ్వకూడదు. సోడియంను అదీ తగ్గించగలదు. ఇప్పుడిప్పుడే ఒడ్డున పడిన మనిషిని మళ్ళీ అదే నీళ్ళలో దించినట్టు అవుతుందనిపించింది. ఎస్సిటలోప్రామ్ ఉంచి దానికి డులోక్సెటిన్ కలపడం అసలు ఆలోచించకూడనిది. నొప్పి మందు ట్రమడాల్ ఇద్దామని ఒకరు అన్నారు. ఎస్సిటలోప్రామ్‌తో సెరటోనిన్ భయం, క్లోనజెపామ్, ప్రీగాబలిన్‌లతో శ్వాస భయం, తనంతట తానే ఫిట్స్ తెప్పించగల గుణం. ఒకే మందులో ఆమెకు సరిపడనివన్నీ ఉన్నాయి. వద్దన్నాను.

ఆరో రోజు ఇంటికి పంపాం. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోవడానికి ఆ రోజు 24 సెకన్లు పట్టింది.

నా వల్ల జరిగిన లోపం

క్లోనజెపామ్‌ను రెండు వారాలకోసారి 0.125 చొప్పున తగ్గించాలని చీటీలో రాశాను. మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో ఆసుపత్రిలో నోటితో చెప్పాను. కాగితం మీద రాయలేదు. మూడో వారంలో, డోసు 0.375కు దిగాక, కూతురు ఇంత చిన్న ముక్క ఎందుకులే అని పూర్తిగా ఆపేసింది. అమ్మ పడిపోవడానికి ఆ మాత్రే కారణమన్నది ఆ అమ్మాయి మనసులో బలంగా నాటుకుపోయింది మరి. మొదటి మూడు రోజులు ఏమీ కాలేదు. మెల్లగా దిగే మందు కాబట్టి ఆ ధైర్యం మోసం చేస్తుంది. నాలుగో రోజు నుంచి నిద్ర పట్టడం మానేసింది. ఐదో రోజు చేతులు వణుకు, గుండె దడ, చిన్న శబ్దానికే ఉలికిపాటు, ఒంటి మీద చీమలు పాకుతున్నట్టు. ఆందోళన జబ్బు తిరగబెట్టిందని వాళ్ళు మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళారు. ఎస్సిటలోప్రామ్ పెంచే ఆలోచన ఆయనకు వచ్చింది. పెంచే ముందు నాకు ఫోన్ చేశారు. ఆ ఒక్క ఫోన్ కాల్ ఇంకో గొలుసు మొదలు కాకుండా ఆపింది.

0.375 మళ్ళీ ఇచ్చాం. రెండు రోజుల్లో వణుకు తగ్గింది. రెండు వారాలు అక్కడే ఆగి, ఆ తర్వాత మూడు వారాలకోసారి మెట్టు దించాం. ఆసుపత్రి నుంచి వెళ్ళిన 12 వారాలకు క్లోనజెపామ్ పూర్తిగా పోయింది. అప్పటి నుంచి నేను తగ్గింపు పట్టికను తేదీలతో రాసి, దాని కిందే రెండు వాక్యాలు చేర్చి ఇస్తున్నాను: మధ్యలో ఆపేస్తే నాలుగైదు రోజులకు వణుకు, నిద్రలేమి వస్తాయి; అవి వస్తే జబ్బు తిరగబెట్టిందనుకోకుండా నాకు ఫోన్ చేయండి.

ఈ రెండు రకాల మందులూ వాడుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే మీకూ ఒక మాట. రెండూ కలిపి వాడటమే తప్పని ఈ కేసు చెప్పడం లేదు. సరైన డోసులో, కిడ్నీ లెక్క చూసుకుని, వైద్యుడి కంటి కింద చాలామంది క్షేమంగా వాడుతున్నారు. మీ స్ట్రిప్‌ల వెనక ఉన్న అసలు మందు పేర్లు ఒకే కాగితం మీద రాసి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆ కాగితం ముందుపెట్టండి. జలుబు మాత్ర, దురద మాత్ర, నిద్ర మాత్ర కూడా అందులో రావాలి. కొత్త మందు చేరినా డోసు పెరిగినా మొదటి కొద్ది రోజులు బండి నడపవద్దు, మద్యం ముట్టవద్దు. కొత్తగా వాపో, తూలడమో, చూపు మసకబారడమో మొదలైతే "ఇది నేను వేసుకుంటున్న మందు వల్లనా?" అని డాక్టరును సూటిగా అడగండి. మనిషి లేపినా లేవకపోతే, ఊపిరి బాగా నెమ్మదిస్తే, పెదవులు నీలంగా మారితే ఎవరికోసమూ ఆగకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. భయపడి సొంతంగా ఆపేయడం మాత్రం వద్దు.

నాలుగు నెలల తర్వాత

ప్రీగాబలిన్ 75 రెండుసార్లు, ఎస్సిటలోప్రామ్ 10, రాత్రికి ప్యాచ్. నొప్పి పదికి నాలుగు. పూర్తిగా పోలేదు, పోతుందని నేను ఆమెకు మాట ఇవ్వలేదు కూడా. నిద్ర ఆరు గంటలు. ఆందోళనకు థెరపిస్టు దగ్గర వారానికోసారి కూర్చుంటున్నారు. పక్కటెముకల మంట లేవగానే "మళ్ళీ మొదలైంది, ఇక ఆగదు" అనే ఆలోచనను పట్టుకోవడం అక్కడ నేర్చుకున్నారు. వాపు నీరు లాగే మాత్ర లేకుండానే తీసింది. బరువు మళ్ళీ 54. సోడియం 137, క్రియాటినిన్ 1.1, క్యూటీసీ 438. ఆక్సిజన్ నిద్రలో కూడా 94 దిగలేదు. మూడు మీటర్ల నడకకు 13 సెకన్లు. ఒక్కసారి కూడా పడలేదు.

ఆ రోజు కిడ్నీ లెక్క ఆమె ముందే వేస్తున్నాను. 140 లోంచి 68 తీసేస్తే 72, దాన్ని 54 తో గుణించి అంటూ క్యాలిక్యులేటర్ తీస్తుంటే ఆమె చెయ్యి అడ్డం పెట్టారు.

"పైన 72, కింద 72. కొట్టేస్తే పోతాయి కదండీ. 54 ను 1.1 తో భాగించి 0.85 తో గుణించండి, 42 కి కొంచెం తక్కువ వస్తుంది."

41.7 వచ్చింది. ఆమె సంచిలోంచి గళ్ళ నోట్‌బుక్ తీసి నా ముందుంచారు. ఒక్కో పేజీకి ఒక్కో రోజు. మందు పేరు, వేసుకున్న గంట, మిల్లీగ్రాములు. చివరి గడిలో ఎర్ర ఇంకుతో ఆ రోజు వేసుకున్న ప్రీగాబలిన్ మొత్తం: 150. కిందటి నెలలో ఒక పేజీలో ఆ గడిలో 225 అని ఉంది, పక్కన చిన్న అక్షరాల్లో "పొద్దునది రెండుసార్లు వేసుకున్నాను, మధ్యాహ్నం కళ్ళు తిరిగాయి" అని రాసుకున్నారు. పొద్దుటి డోసును 50కి దించి చూద్దామా అని ఆమే అడిగారు. సరేనన్నాను. ఆరు వారాల తర్వాత సోడియం, క్రియాటినిన్ రెండూ చేయించుకుని నోట్‌బుక్‌తో రమ్మన్నాను.